గోడ మీద మూడు మాటలు

మన సంఘం తెస్తున్న ఈ ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఏదైనా రాయమన్నప్పుడు ముందు కుమ్రం భీం గురించి రాద్దామనుకున్నాను. ఆయన గురించి నాకంటే బాగా రాయగలిగినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అందుకే మా హాస్టల్ అమ్మాయిలతో హైదరాబాద్ వెళ్లిన రోజున ఒక పిల్ల నన్ను అడిగిన ప్రశ్న గురించి రాస్తున్నాను. ఆ ప్రశ్నకు అక్కడికక్కడ నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. వెనక్కి వచ్చాక చదివి, పెద్దవాళ్లను అడిగి తెలుసుకున్నది ఇది.

ఆ రోజు ఒక విద్యాసంస్థ గ్యాలరీలో చిత్రకళా ప్రదర్శన చూశాం. గుమ్మం దగ్గర గోడ మీద పెద్ద అక్షరాలతో మూడు మాటలు రాసి ఉన్నాయి: అస్తిత్వం, చరిత్ర, పర్యావరణం. లోపల చిత్రాలు బాగున్నాయి. ఎండిన చెరువులు, నగరానికి వలస వచ్చిన కూలీలు, కొండల మీద నుంచి పోతున్న కరెంటు తీగలు. ఒక మూలన అద్దాల పెట్టెలో నెమలి ఈకల కిరీటం ఉంది. కింద చీటీ మీద "గిరిజన నృత్య శిరోభూషణం" అని ఉంది. అంతే.

ఉట్నూరు వైపు నుంచి వచ్చిన ఇంటర్ పిల్ల ఒకతి దాని ముందు చాలాసేపు నిలబడింది. "మేడమ్, ఇది మల్‌బూర. మా ఇంట్లో దీన్ని దేవుడి దగ్గర పెడతారు, పూజ చేయకుండా ముట్టుకోరు. దీన్ని కట్టినాయన పేరు ఇక్కడ ఎందుకు రాయలేదు? ఆ పక్క బొమ్మలన్నిటికీ పేర్లున్నాయి కదా" అంది.

నిజమే. పక్కనున్న ప్రతి చిత్రం కింద గీసినవాళ్ల పేరు, సంవత్సరం, ఏ రంగులతో వేశారో రాసి ఉంది. మన వస్తువు దగ్గరికి వచ్చేసరికి తెగ పేరు కూడా లేదు.

మధ్యాహ్నం తార్నాకలో దిగి, ఉస్మానియా యూనివర్సిటీలోకి నడిచి వెళ్లి, ఆర్ట్స్ కాలేజీ ఎదురుగా చెట్ల కింద అన్నం పొట్లాలు విప్పుకున్నాం. అక్కడ కూర్చుని ఆ భవనాన్ని చూస్తుంటే, ఆ పిల్ల ప్రశ్నకు జవాబు మొదలయ్యేది ఇక్కడి నుంచే కదా అనిపించింది.

చరిత్ర: ఒకే ప్రభుత్వం, రెండు చోట్లు

తార్నాక పేరుకు పెద్దలు చెప్పే అర్థం ఒకటుంది. తార్ అంటే తీగ, నాకా అంటే తనిఖీ చోటు. ఇనుప తీగ కట్టి రాకపోకలు చూసే చోటట. ఈ రోజు మెట్రో దిగి మనం లెక్క చేయకుండా నడిచిపోయే దారి ఒకప్పుడు ఎవరు లోపలికి రావచ్చో, ఎవరు రాకూడదో చూసే దారి.

ఉస్మానియా యూనివర్సిటీని ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1917లో ఫర్మానా ఇచ్చి పెట్టించాడు. మన దేశంలో ఒక దేశభాషను, అంటే ఉర్దూను, బోధనా భాషగా పెట్టుకున్న మొదటి యూనివర్సిటీ ఇదే. ఆర్ట్స్ కాలేజీ భవనానికి 1934లో పునాది వేస్తే 1939 డిసెంబర్ 4న ప్రారంభమైంది. ఎర్నెస్ట్ జాస్పర్ అనే బెల్జియం శిల్పి గీసిన నమూనా అది. ఆ కమానులు, ఆ స్తంభాలు జాగ్రత్తగా చూడండి. స్తంభాల్లో అజంతా, ఎల్లోరా గుహల పోలిక ఉంటుంది, కమానుల్లో ముస్లిం కట్టడాల పోలిక ఉంటుంది. మేం ఎవరం, మా రాజ్యంలో ఏమేం కలిసి ఉన్నాయి అని ఆనాటి ప్రభుత్వం రాతిలో చెప్పుకున్న మాట అది. గ్యాలరీ గోడ మీద చూసిన 'అస్తిత్వం' అనే మాటకు ఇంత పెద్ద ఉదాహరణ హైదరాబాద్‌లో మరొకటి దొరకడం కష్టం.

ఆ రాతిలో గోండులు లేరు, కోయలు లేరు, చెంచులు లేరు. భవనం తెరిచి ఏడాది తిరగకుండానే, 1940లో, అదే ప్రభుత్వపు పోలీసులు జోడేఘాట్‌లో కుమ్రం భీంను, ఆయనతో ఉన్నవాళ్లను కాల్చి చంపారు. పన్నెండు ఊళ్ల భూమి, అడవి మాకే ఉండాలన్నది వాళ్ల కోరిక. పాఠ్యపుస్తకంలో ఈ రెండూ వేర్వేరు పాఠాలుగా ఉంటాయి. ఒక పాఠంలో నిజాం విద్యాసేవ, ఇంకో పాఠంలో భీం పోరాటం. రెండు తేదీలను ఒక్క కాగితం మీద పక్కపక్కన రాసి చూడండి. చరిత్ర అప్పుడు వేరే రకంగా కనిపిస్తుంది.

అస్తిత్వం: బొమ్మ ఎవరిది, పేరు ఎవరిది

మన తాతల ఫొటోలు మొదటిసారి పెద్ద సంఖ్యలో తీసిన మనిషి క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. 1909లో వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త. 1939లో ఆయన ఇండియాకు వచ్చేసరికి రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. అంటే బ్రిటిష్ వాళ్లకు శత్రుదేశం మనిషి. హైదరాబాద్ రాజ్యం దాటి పోకూడదన్న కట్టుబాటుతో ఇక్కడ ఉండనిచ్చారు. ఆయన, ఆయన భార్య బెట్టీ ముందు నల్లమల చెంచుల దగ్గరికి, తర్వాత గోదావరి ఒడ్డు కొండరెడ్ల దగ్గరికి వెళ్లారు. జోడేఘాట్ కాల్పుల తర్వాత, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోమని ప్రభుత్వమే ఆయన్ను ఆదిలాబాద్‌కు పంపింది. చెంచుల మీద 1943లో, కొండరెడ్ల మీద 1945లో, రాజ్‌గోండుల మీద 1948లో ఆయన పుస్తకాలు వచ్చాయి. 1945 నుంచి 1949 వరకు ఇదే ఉస్మానియాలో మానవశాస్త్ర ఆచార్యుడిగా ఉన్నాడు, గిరిజనుల విషయంలో నిజాం ప్రభుత్వానికి సలహాదారుగానూ పనిచేశాడు.

ఆయన వల్ల మనకు మేలు జరిగింది. అది దాచకూడదు. జైనూర్ దగ్గరి మార్లవాయిలో ఉండి గోండు పిల్లలకు బడులు, గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ పెట్టించాడు. గోండి భాషలో వాచకాలు తయారయ్యాయి. టీచర్ ట్రైనింగ్ చదివినదాన్ని కాబట్టి ఈ మాట నాకు చాలా ముఖ్యం. ఉస్మానియాలో ఉర్దూలో పాఠం చెప్పడాన్ని లోకం గొప్పగా చెప్పుకుంటున్న రోజుల్లో, మార్లవాయిలో గోండు పిల్లవాడు తన ఇంటి భాషలో అక్షరం దిద్దాడు. గోండులకు భూమి పట్టాలు ఇవ్వాలని కూడా హైమన్‌డార్ఫ్ ప్రభుత్వానికి చెప్పాడు. బెట్టీ 1987లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఏటా జనవరి 11న ఊరివాళ్లు అక్కడ నివాళి అర్పిస్తారు.

అయితే ఆయన తీసిన ఫొటోలు, ఫిల్ములు ఇప్పుడు ఎక్కువగా లండన్ యూనివర్సిటీలోని సోయాస్ సంస్థ దగ్గర ఉన్నాయి. ఆ కాలపు మానవశాస్త్ర పుస్తకాల్లో చాలా ఫొటోల కింద "గోండు స్త్రీ", "చెంచు యువకుడు" అనే రాసేవారు. ఫొటో తీసినాయన పేరు పుస్తకం అట్ట మీద ఉంటుంది. ఫొటోలో ఉన్నామె పేరు ఊళ్లోనే ఉండిపోయింది. ఆమెను గుర్తుపట్టగలిగినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. గ్యాలరీలో మన పిల్ల చూసిన చీటీకి మూలం ఇక్కడుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. హైమన్‌డార్ఫ్ ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ ఆదిలాబాద్ వచ్చాడు. తాను పట్టాలు ఇప్పించిన భూముల్లో చాలా భాగం బయటివాళ్ల చేతుల్లోకి పోయిందని చూసి, 1982లో వచ్చిన తన పుస్తకంలో బాధగా రాశాడు. 1940ల ఫొటోలు భద్రంగానే ఉన్నాయి. వాటిలో కనిపించే చేలు అలా లేవు.

పేరు దొరికితే ఏమవుతుందో చెప్పడానికి వేరే రాష్ట్రం మనిషి కథ చెబుతాను. మన ఆదిలాబాద్‌లో కిక్రీ వాయిస్తూ గోండుల వంశకథలు చెప్పే పర్ధాన్లు మీకు తెలుసు. మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ అనే ఊళ్లో అదే పర్ధాన్ ఇంట పుట్టినవాడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్. ఇంటి మట్టి గోడల మీద బొమ్మలు వేసేవాడు. 1980ల మొదట్లో, భోపాల్‌లో భారత్ భవన్ కళాకేంద్రం తెరుస్తున్నప్పుడు, చిత్రకారుడు స్వామినాథన్ పంపిన బృందం ఆ గోడలు చూసి అతన్ని నగరానికి తీసుకెళ్లింది. పాటలో ఉన్న దేవుళ్లు కాగితం మీదికి వచ్చారు. భోపాల్ శాసనసభ భవనం గోడల మీద బొమ్మలు వేశాడు. 1989లో పారిస్‌లో జరిగిన పెద్ద అంతర్జాతీయ ప్రదర్శనలో అతని బొమ్మలు పెట్టారు. ఆ బొమ్మల కింద "గిరిజన చిత్రం" అని కాకుండా అతని పేరు ఉంది. ఆ శైలిని ఇప్పుడు జన్‌గఢ్ కలం అంటున్నారు. అతని ఊరివాళ్లు, చుట్టాలు ఎంతోమంది అదే పనిలో బతుకుతున్నారు. కానీ 2001లో, జపాన్‌లోని ఒక మ్యూజియంలో బొమ్మలు వేయడానికి వెళ్లినప్పుడు, జన్‌గఢ్ అక్కడే తన ప్రాణం తీసుకున్నాడు. ఇంటికి దూరంగా, తోడు లేని చోట. ఈ సంగతి మీకు చెప్పాలా వద్దా అని ఆలోచించాను. పేరు వచ్చినంత మాత్రాన మనిషి సుఖంగా ఉన్నాడని కాదు. మీలో ఎవరైనా దూరం వెళ్లి చదువుతున్నప్పుడు, పని చేస్తున్నప్పుడు మనసు బరువెక్కితే ఇంటికి ఫోన్ చేయండి, స్నేహితుల దగ్గరికి వెళ్లండి, మాలాంటి వాళ్లను అర్ధరాత్రి అయినా లేపండి. సిగ్గుపడాల్సిన పని కాదు.

గోడకు తగిలిస్తే ఏం పోతుంది

నేను కోయ ఇంట్లో పుట్టాను. చిన్నప్పుడు బొమ్మల ప్రదర్శన అనే మాట తెలియదు గానీ పడిగె తెలుసు. త్రికోణం ఆకారంలో పొడవాటి గుడ్డ. దాని మీద వంశానికి మూలపురుషులు, వేల్పులు, జంతువులు బొమ్మలుగా ఉంటాయి. మూడో గట్టు నుంచి ఏడో గట్టు వరకు ఎవరి వేల్పులు వాళ్లకున్నట్టే ఎవరి పడిగె వాళ్లకుంటుంది. రోజూ గోడకు వేలాడదీసే వస్తువు కాదది. వేల్పుల పండగకు బయటికి తీస్తారు. డోలివాళ్లు డోలు వాయిస్తూ ఆ బొమ్మల కథ చెబుతారు. చదువు రాని మా నాయనమ్మకు మా వంశం చరిత్ర అంతా తెలిసింది ఆ గుడ్డ వల్లా, ఆ డోలు వల్లా.

అదే పడిగెను గ్యాలరీ గోడకు తగిలిస్తే రంగులు కనిపిస్తాయి. డోలు వినపడదు. ఏ నెలలో తీస్తారో, ఎవరు ముట్టుకోవచ్చో తెలియదు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యగారు అలాంటి కథలు చెప్పిన కోయ డోలి కళాకారుడు. సమ్మక్క సారలమ్మల కథ ఆయన నోట కోయ భాషలోనే ఉండేది. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన పోయారు. ఒక గుడ్డను అద్దాల వెనక వందేళ్లు దాచవచ్చు. దాన్ని చదవగలిగిన మనిషిని దాచలేం.

మల్‌బూర సంగతీ అంతే. దండారి రోజుల్లో, దీపావళికి ముందు, పూజ చేసి దాన్ని తలకు పెట్టుకున్న మనిషి గుస్సాడీ అవుతాడు. కోలబోడితో ఆ రోజులు ముగిశాక మళ్లీ మామూలు మనిషి అవుతాడు. మార్లవాయి కనకరాజుగారు ఆ ఆటను ఢిల్లీ గణతంత్ర వేడుకల దాకా తీసుకెళ్లారు, ఊరి పిల్లలకు నేర్పారు. 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆయనా 2024 అక్టోబర్‌లో వెళ్లిపోయారు. ఒకే ఏడాదిలో ఇద్దరు. మన చేతుల్లో ఉన్న సమయం ఎంతో దీన్నిబట్టి లెక్క వేసుకోండి.

పర్యావరణం: బొమ్మలో దాగిన అడవి

మూడో మాట పర్యావరణం. గ్యాలరీలో దీని మీద గీసిన చిత్రాలు చాలా ఉన్నాయి. మన దగ్గర వస్తువే పర్యావరణం. నెమళ్లు తిరిగే అడవి ఉంటేనే మల్‌బూర. జైనూర్ మండలం ఉషేగావ్‌లో ఓజాలు చేసే ఇత్తడి బొమ్మలు చూడండి. ముందు మెత్తటి మట్టితో లోపలి ఆకారం చేస్తారు. దాని చుట్టూ మైనపు తీగలు చుట్టి నగిషీ పెడతారు. పైన మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక పై మట్టి పగలగొడితే బొమ్మ బయటపడుతుంది. ఒక్కో బొమ్మకు ఒక్కో అచ్చు, అది మళ్లీ పనికిరాదు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు కాగితం వచ్చినా మైనం తేనెపట్టు నుంచే రావాలి, మట్టి వాగు నుంచే రావాలి, కట్టెలు అడవి నుంచే రావాలి. ఆ మూడింట్లో ఏది దూరమైనా చేతిపని ఆగుతుంది.

అందుకే పాత ఫొటోలను కూడా పర్యావరణం సాక్ష్యంగా చదవవచ్చు. చెంచుల మీద 1943 నాటి పుస్తకం ఏ అడవి గురించి రాశారో, 2019లో ఆ అమ్రాబాద్ ప్రాంతంలోనే యురేనియం అన్వేషణ మాట వచ్చింది. జనం వద్దన్నారు. ఆ ఏడాది సెప్టెంబర్‌లో తెలంగాణ శాసనసభ కూడా వద్దని తీర్మానం చేసింది. ఇక్కడ ఎవరుండేవారు, ఏ దుంపలు తవ్వేవారు, తేనె ఎట్లా తీసేవారు అని ఎవరైనా అడిగితే చూపించడానికి అలాంటి పుస్తకం, అలాంటి ఫొటో పనికొస్తాయి. పోలవరం కింద మునిగే కోయ, కొండరెడ్డి ఊళ్ల విషయంలోనూ అంతే. ఇల్లు పోతే ఇంకో ఇల్లు కట్టిస్తామంటారు. వేల్పుల చోటు ఏదో, దాని చుట్టూ ఏ చెట్లుండేవో రాసి పెట్టుకోకపోతే అడగడానికి కూడా మన దగ్గర ఏమీ ఉండదు.

మనం చేయవలసింది

యూనివర్సిటీలు మన నుంచి తీసుకెళ్లడమే కాదు, మన దగ్గరికి వచ్చి మనతో కలిసి పనిచేసిన సందర్భాలూ ఉన్నాయి. నార్నూర్ మండలం గుంజాలలో పెద్దలు దాచుకున్న గోండి రాతప్రతులు 2006లో వెలుగులోకి వచ్చాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆచార్యులు ఊరి పెద్దలతో కూర్చుని ఆ లిపిని చదివారు. ఊళ్లోనే పిల్లలకు నేర్పారు. 2018లో ఆ లిపికి యూనికోడ్‌లో చోటు దొరికింది. దానికి పెట్టిన పేరు గుంజాల గోండి లిపి. ఊరి పేరు లిపి పేరులోనే నిలిచింది. ఇంతకంటే మంచి పేరు చీటీ నేను చూడలేదు.

ఈ రోజు ఉస్మానియాలో, ఇఫ్లూలో, సెంట్రల్ యూనివర్సిటీలో మన పిల్లలు చదువుతున్నారు. చరిత్ర, మానవశాస్త్రం, లలితకళలు, భాషాశాస్త్రం తీసుకునేవాళ్లు తక్కువ. ఉద్యోగం దొరకదని ఇళ్లల్లో భయం, ఆ భయం నాకు తెలుసు. అయినా ఊరికి ఒక్కరైనా అటు వెళ్లాలి. అప్పటిదాకా, ఏ కోర్సు చదువుతున్నా, చేతిలో ఫోన్ ఉన్న ప్రతి ఒక్కరూ చేయగలిగిన పని ఒకటుంది.

ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక్క వస్తువు ఎంచుకోండి. అమ్మమ్మ వేసిన గోడ ముగ్గు కావచ్చు, తాత డోలు కావచ్చు, తండాలో నానమ్మ కుట్టిన అద్దాల రవిక కావచ్చు. ఫొటో తీసే ముందు అడగండి. వద్దంటే తీయకండి. సరేనంటే ఒక కాగితం మీద ఇవి రాయండి: మన భాషలో దాని పేరు, చేసిన మనిషి పేరు, ఊరు, గట్టు లేక గోత్రం, దేనితో చేశారు, ఆ సరుకు ఎక్కడ దొరికేది, ఇప్పుడు దొరుకుతుందా, ఏ నెలలో వాడతారు, ఎవరు ముట్టుకోవచ్చు, బయటివాళ్లకు చూపించవచ్చా. చివరి ప్రశ్నకు 'వద్దు' అనే జవాబు కూడా చరిత్రే. దాన్ని అలాగే రాయండి.

గ్యాలరీకి వెళ్లినప్పుడు మన వస్తువు కింద పేరు లేకపోతే గొడవ పడనక్కరలేదు. సందర్శకుల పుస్తకం అడిగి, మర్యాదగా, మీకు తెలిసింది రాసి, కింద మీ పేరు పెట్టి రండి.

ఆ ఇంటర్ పిల్ల ఆ పని చేయకుండానే వచ్చేసింది. అప్పుడు నాకూ తోచలేదు. హాస్టల్‌కి వచ్చిన రాత్రి తాతకు ఫోన్ చేసింది. వాళ్లింట్లో ఉన్న మల్‌బూర ఎవరు కట్టారని అడిగింది. ఆయన వెంటనే చెప్పలేకపోయాడు. రెండు రోజులకు, పక్క ఊరి ముసలాయన్ని అడిగి, తిరిగి ఫోన్ చేసి చెప్పాడు. కట్టినాయన చనిపోయి చాలా ఏళ్లయిందట. ఆ పిల్ల నోట్‌బుక్‌లో కాగితం చింపి ఆ పేరు, ఊరు, మిగతా వివరాలన్నీ రాసి నాకు చూపించింది. ఈ వ్యాసంలో ఆ పేరు వేస్తానంటే, "వాళ్లింటివాళ్లను అడగలేదు మేడమ్. దండారికి ఊరికి పోయినప్పుడు అడిగి చెప్తా" అంది.

అందుకే ఆ పేరు ఇక్కడ లేదు. కాగితం మాత్రం నా టేబుల్ సొరుగులో ఉంది.